క్యాన్సర్ చరిత్రను, చికిత్సల చరిత్రను పరిశోధించడం ఎలా

క్యాన్సర్ చరిత్ర మీద పని మొదలుపెట్టినవారిలో చాలామంది ప్రాచీన ఈజిప్టు నుంచి నేటి ఇమ్యునోథెరపీ (శరీరపు రోగనిరోధక శక్తితో చేసే చికిత్స) దాకా మొత్తాన్ని ఒకే వ్యాసంలో ఇమడ్చాలని చూస్తారు. అలా రాసినదాంట్లో చివరికి మిగిలేది తేదీల వరుస, గొప్పవారి పేర్ల పట్టిక మాత్రమే. క్యాన్సర్ ఒక్క జబ్బు కాదు. వేర్వేరు అవయవాల్లో, వేర్వేరు కారణాలతో వచ్చే వందకు పైగా జబ్బులకు అది ఉమ్మడి పేరు. లుకేమియా అనే రక్త క్యాన్సర్ చరిత్ర ప్రధానంగా మందుల చరిత్ర, రొమ్ము క్యాన్సర్ చరిత్ర చాలాకాలం పాటు కత్తి చరిత్ర, ఊపిరితిత్తుల క్యాన్సర్ చరిత్రలో వైద్యులతో సమానంగా గణాంక నిపుణులూ న్యాయవాదులూ సిగరెట్ కంపెనీల అధికారులూ కనిపిస్తారు. కాబట్టి పరిశోధకుడి మొదటి పని ప్రశ్నను చిన్నది చేసుకోవడం. "రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స ఎలా మారింది" అన్నది ఇంకా పెద్ద ప్రశ్నే. "రొమ్ముతో పాటు ఛాతీ కండరాలనూ తొలగించే హాల్‌స్టెడ్ పద్ధతి అన్ని దశాబ్దాలు ఎందుకు నిలబడింది, దాన్ని పడగొట్టిన సాక్ష్యం ఏది" అని అడిగితే ఏ కాలపు పత్రాలు చూడాలో, ఎవరి మాటలు వెతకాలో ఆ ప్రశ్నే చెబుతుంది.

ప్రశ్న దొరికాక పాటించవలసిన నియమం నా దృష్టిలో ఒక్కటే: రాసే ప్రతి వాక్యానికీ, ఆ సంఘటనకు కాలంలో అతి దగ్గరగా ఉన్న పత్రం ఏదో కనుక్కోవాలి, ఆ పత్రంలోని మాటలకు ఆనాడు ఏ అర్థం ఉండేదో అడగాలి. ఇక్కడ చెప్పబోయే మెలకువలన్నీ ఈ నియమం నుంచి వచ్చినవే.

మాటలకు ఆనాటి అర్థం

పాత గ్రంథాల్లో కనిపించే జబ్బు పేరును నేటి జబ్బు పేరుతో సమానం చేయడం ఈ రంగంలో అన్నింటికంటే తరచుగా జరిగే తప్పు. హిప్పోక్రటిస్ సంప్రదాయంలోని గ్రీకు వైద్యులు కొన్ని గడ్డలనూ మానని పుండ్లనూ పీత అనే అర్థమున్న కార్కినోస్ అన్నారు. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ దాన్నే లాటిన్‌లో క్యాన్సర్ అన్నాడు. 2వ శతాబ్దపు గాలెన్ ఆ జబ్బుకు నల్లని పిత్తం కారణమని చెప్పాడు. సుశ్రుత సంహితలో అర్బుదమనే వాపు గుండ్రంగా, కదలకుండా, పెద్దగా, తక్కువ నొప్పితో, లోతైన మూలంతో, నెమ్మదిగా పెరుగుతూ, చీము పట్టకుండా ఉంటుందని వర్ణన ఉంది. ఈ వర్ణనకు ప్రాణాంతకమైన కణితీ సరిపోతుంది, ఏ హానీ చేయని కొవ్వు గడ్డా సరిపోతుంది. తెలుగులో పాతకాలపు రాచపుండు అనే మాట కూడా అంతే. అది క్యాన్సర్‌కూ ఇతర మొండి వ్రణాలకూ వర్తించింది. శరీర నిర్మాణానికి కణమే మూలమన్న అవగాహన లేని కాలంలో కంటికి కనిపించేదీ, చేతికి తగిలేదీ మాత్రమే రోగనిర్ధారణకు ఆధారం. 1838లో యొహానెస్ ముల్లర్ కణితులు కణాలతో నిర్మితమైనవని చూపించాక, 1858లో రుడాల్ఫ్ విర్షో కణ రోగశాస్త్రాన్ని స్థాపించాక ఆ పేరు వెనక ఉన్న వస్తువే మారిపోయింది. అందువల్ల 1750 నాటి క్యాన్సర్, 1900 నాటి క్యాన్సర్ అక్షరాల్లో ఒకటే అయినా అర్థంలో ఒకటి కావు.

అందరూ ఉటంకించే ప్రాచీన ఈజిప్టు వైద్యగ్రంథం ఎడ్విన్ స్మిత్ పాపిరస్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అది సుమారు క్రీస్తు పూర్వం 1600 నాటి ప్రతి, అంతకంటే పాత రచనకు నకలు. దాని 45వ ప్రకరణంలో రొమ్ము మీద ఉబ్బిన గడ్డల గురించి, అవి తాకితే చల్లగా ఉండటం గురించి చెప్పి, దీనికి చికిత్స లేదని రాశారు. ఇంగ్లీషు అనువాదాన్ని జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ 1930లో ప్రచురించాడు. ఆ గడ్డలు రొమ్ము క్యాన్సర్ అన్నది పాపిరస్‌లోని మాట కాదు, తర్వాతి పాఠకుల అనుమానం. ఆ అనుమానం బలమైనదే కావచ్చు, అయినా "ఈజిప్షియన్లు క్యాన్సర్‌ను వర్ణించారు" అని రాయడానికీ "నేడు క్యాన్సర్‌గా చదవగల వర్ణన ఒకటి అక్కడ ఉంది" అని రాయడానికీ మధ్య ఉన్న తేడాను పాఠకుడికి దాచకూడదు.

ఎముకల సాక్ష్యం వేరే రకం. దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరికిన, సుమారు 17 లక్షల ఏళ్ల నాటి పాదపు ఎముకలో ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఉన్నట్టు 2016లో ప్రకటించారు. సూడాన్‌లోని అమరా వెస్ట్‌లో సుమారు క్రీస్తు పూర్వం 1200 నాటి యువకుడి అస్థిపంజరంలో అనేక ఎముకలకు వ్యాపించిన క్యాన్సర్ జాడలు 2014లో బయటపడ్డాయి. క్యాన్సర్ ఆధునిక జీవనానికే పుట్టిన జబ్బు అనే మాటను ఇలాంటి ఆధారాలు ఖండిస్తాయి. కానీ మెత్తని కండరాలూ అవయవాలూ మట్టిలో నిలవవు కనుక, ఎముకల్లో కనిపించనంత మాత్రాన ఆ జబ్బు ఆ కాలంలో అరుదని తేల్చడం కుదరదు.

కొన్నిసార్లు వస్తువే దాచి ఉంచబడి, పాత మాటను పరీక్షించే అవకాశం దొరుకుతుంది. థామస్ హాడ్జ్‌కిన్ 1832లో లింఫు గ్రంథుల వాపు గురించి రాశాడు, 1865లో శామ్యూల్ విల్క్స్ ఆ జబ్బుకు హాడ్జ్‌కిన్ పేరు పెట్టాడు, 1926లో హెర్బర్ట్ ఫాక్స్ లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో భద్రపరచిన హాడ్జ్‌కిన్ నాటి నమూనాలను మైక్రోస్కోప్ కింద పరిశీలించాడు. వాటిలో కొన్ని ఆ జబ్బువే, అన్నీ కావు. ఒక జబ్బుకు పేరిచ్చిన మనిషి స్వయంగా చూసిన రోగుల్లో కొందరికి ఆ జబ్బు లేదన్నమాట.

ఎక్కడ వెతకాలి

మొదట ఆ విషయం మీద చరిత్రకారులు రాసిన ఇటీవలి వ్యాసాలు రెండు మూడు చదవాలి. వాటి కథనం కోసం కంటే వాటి అడుగున ఉన్న ఆధారాల కోసం. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లో హిస్టారికల్ ఆర్టికల్ అనే వడపోత ఉంది, దానితో వైద్య పత్రికల్లో వచ్చిన చరిత్ర వ్యాసాలను వేరుచేయవచ్చు. అయితే పబ్‌మెడ్ సూచిక ప్రధానంగా 1940ల మధ్య నుంచి మొదలవుతుంది. అంతకు ముందరి వ్యాసాలకు 1879లో మొదలైన ఇండెక్స్ మెడికస్ అనే అచ్చు సూచికను, 1880 నుంచి వెలువడిన అదే గ్రంథాలయపు ఇండెక్స్ కేటలాగ్‌ను చూడాలి. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1840 నాటి సంచికల నుంచీ పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉచితంగా చదవడానికి ఉంది. లండన్‌లోని వెల్‌కమ్ కలెక్షన్, ఇంటర్నెట్ ఆర్కైవ్, హాతీట్రస్ట్ వద్ద 18, 19 శతాబ్దాల వైద్య గ్రంథాల ప్రతులు వేల సంఖ్యలో ఉన్నాయి.

వెతికేటప్పుడు నేటి పదాలు పనికిరావు. 1800 ప్రాంతపు వైద్యుడు గట్టి గడ్డను స్కిర్రస్ అన్నాడు, రక్తం కారే మెత్తని కణితిని ఫంగస్ హెమటోడిస్ అన్నాడు. 19వ శతాబ్దపు ఆసుపత్రి నివేదికలు మాలిగ్నెంట్ డిసీజ్ అన్నాయి. దొరికిన ప్రతి పాత పత్రంలోని కొత్త పదాన్నీ ఒక పట్టీలో చేర్చుకుంటూ, ఆ పదాలతో మళ్లీ వెతకాలి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని వదిలేసినవారు అందరికీ తెలిసిన నాలుగు పత్రాల చుట్టూనే తిరుగుతారు.

కథకూ పత్రానికీ మధ్య

కీమోథెరపీ పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథ ఇది: 1943 డిసెంబరు 2 రాత్రి ఇటలీలోని బారీ రేవు మీద జర్మన్ విమానాలు దాడి చేశాయి, జాన్ హార్వీ అనే అమెరికన్ నౌకలో రహస్యంగా తెచ్చిన మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు బాంబులు పగిలాయి, బాధితుల తెల్ల రక్తకణాలు పడిపోవడం గమనించిన వైద్యులకు దీన్ని క్యాన్సర్ మీద ప్రయోగించవచ్చనే ఆలోచన వచ్చింది. కథ ఆకట్టుకునేలా ఉంది, సంఘటన కూడా నిజమే. కానీ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే కథ నిలవదు. మస్టర్డ్ గ్యాస్ తెల్ల రక్తకణాలను తగ్గిస్తుందన్న పరిశీలన మొదటి ప్రపంచయుద్ధపు బాధితుల విషయంలోనే, 1919లో, ప్రచురితమైంది. యేల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ గుడ్‌మన్, ఆల్‌ఫ్రెడ్ గిల్‌మన్ ఆ గ్యాస్‌కు దగ్గరి బంధువైన నైట్రోజన్ మస్టర్డ్‌ను ఎలుకల మీద పరీక్షించిన తర్వాత, జె.డి. అనే పొడి అక్షరాలతో మాత్రమే తెలిసిన రోగికి మొదటి మోతాదు ఇచ్చింది 1942 ఆగస్టులో. అంటే బారీ దాడికి ఏడాదికి పైగా ముందు.

మరి పొరపాటు ఎలా నిలిచింది? యేల్ పని యుద్ధ రహస్యం కనుక అది 1946లో గానీ అచ్చు కాలేదు. ప్రచురణ తేదీని సంఘటన తేదీగా తీసుకున్నవారికి బారీ ముందు, యేల్ తర్వాత కనిపిస్తాయి. 2011లో ఇద్దరు యేల్ వైద్యులు జె.డి. ఆసుపత్రి చీటీని వెతికి తీసి ప్రచురించినప్పుడు అందులో మందు అసలు పేరుకు బదులు "ఎక్స్ పదార్థం" అని రాసి ఉంది. గడ్డలు మొదట కరిగిపోయాయి, జబ్బు తిరగబెట్టింది, 1942 డిసెంబరు 1న ఆ రోగి మరణించాడు. బారీ దాడికి ఏడాదీ ఒక రోజూ ముందు.

దీని నుంచి నేర్చుకోవలసిన పని అలవాటు ఇది. ప్రతి ముఖ్య సంఘటనకూ నోటు పుస్తకంలో నాలుగు తేదీలు విడివిడిగా రాసుకోవాలి: అది జరిగిన రోజు, దాన్ని మొదట కాగితం మీద పెట్టిన రోజు, అచ్చయిన రోజు, ఆ సమాచారం మీ దాకా వచ్చిన పుస్తకం లేదా అనువాదం వెలువడిన రోజు. ఈ నాలుగూ కలగాపులగం అయినచోటే కల్పిత కథలు పుడతాయి.

ఎవరు చేశారు అనే ప్రశ్నకూ ఇంతే జాగ్రత్త అవసరం. సిడ్నీ ఫార్బర్ బృందం బోస్టన్‌లో అమినోప్టెరిన్ అనే మందును లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి, 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వ్యాసం ప్రచురించింది. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. వ్యాసం శీర్షికలోనే "తాత్కాలిక ఉపశమనాలు" అనే మాట ఉంది. ఫార్బర్ లుకేమియాను నయం చేశాడని రాసేవారు ఆ శీర్షికనైనా చదివి ఉండరు. ఆ మందు లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది, అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించినవారు యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగువారు ఆయన పేరును గర్వంగా తలచుకోవడం న్యాయమే. అయితే ఆ రసాయనాన్ని తయారుచేసిన వివరం 1947లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో వచ్చినప్పుడు దాని రచయితలు సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్. ఫార్బర్ వ్యాసపు రచయితల వరుసలో సుబ్బారావు లేరు, రసాయన వ్యాసపు వరుసలోనూ లేరు. ఫార్బర్ వ్యాసం వచ్చిన 1948లోనే, ఆగస్టులో, ఆయన మరణించారు. ఆయన పాత్రను నిరూపించాలంటే రచయితల వరుసలు చాలవు, ప్రయోగశాల నివేదికలూ ఉత్తరాలూ సహచరుల జ్ఞాపకాలూ వెతకాలి. ఒక్క మనిషికి మొత్తం ఘనత ఇచ్చే వాక్యం ఫార్బర్ గురించైనా సుబ్బారావు గురించైనా సరైన చరిత్ర కాదు. ఆయన నిజంగా చేసిన పనిని చేసినంతగా చూపడమే ఆయనకు ఇవ్వగల గౌరవమని నా నమ్మకం.

స్వయంగా చెప్పుకున్న ఘనతలను మరింత అనుమానంగా చూడాలి. రాంట్‌గెన్ 1895 నవంబరులో ఎక్స్ కిరణాలను గుర్తించాడు. 1896 జనవరిలోనే షికాగోలో వాటితో రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స చేశానని ఎమిల్ గ్రూబ్ దశాబ్దాల తర్వాత చెప్పుకున్నాడు. ఆ కాలపు పత్రం ఏదీ దాన్ని బలపరచకపోతే "చేశాడు" అని కాక "చేశానని చెప్పుకున్నాడు" అని రాయాలి.

అంకెలు దేన్ని కొలిచాయి

విలియం హాల్‌స్టెడ్ 1894లో తన 50 మంది రోగుల గురించి రాసిన వ్యాసం చదివితే ఆ శస్త్రచికిత్స ఎందుకంత నమ్మకం సంపాదించిందో అర్థమవుతుంది. రొమ్ముతో పాటు ఛాతీ కండరాలనూ చంకలోని లింఫు గ్రంథులనూ తొలగించాక కోసినచోటే జబ్బు తిరగబెట్టడం ఆయన రోగుల్లో సుమారు 6 శాతం. ఇతర శస్త్రవైద్యుల లెక్కలతో పోలిస్తే అది ఎంతో తక్కువ. అయితే ఆయన కొలిచింది కోసినచోట తిరగబెట్టడాన్ని. ఆ స్త్రీలు ఎంతకాలం బతికారన్నది వేరే కొలత. ఆ రెండవ ప్రశ్నను సక్రమంగా పరీక్షించే పని 1971లో బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వంలో మొదలైంది. 1,600 మందికి పైగా స్త్రీలను యాదృచ్ఛికంగా వేర్వేరు చికిత్సలకు కేటాయించారు, 2002లో ప్రచురించిన 25 ఏళ్ల ఫలితాల్లో కూడా పెద్ద కోత పడినవారికి ఆయుష్షు పెరిగినట్టు తేలలేదు. హాల్‌స్టెడ్ అంకె అబద్ధం కాదు, దానికి జనం ఇచ్చుకున్న అర్థం తప్పు. ఏ పాత అంకె కనిపించినా ఇది దేన్ని కొలిచింది, ఎవరిని లెక్కలోకి తీసుకుంది, ఎంతకాలం గమనించింది అని అడగకుండా నోటు పుస్తకంలోకి ఎక్కించకూడదు.

క్యాన్సర్ పెరుగుతోందా అనే ప్రశ్న కూడా పాతదే. 1893లో జార్జ్ కింగ్, ఆర్థర్ న్యూస్‌హోమ్ ఆ పెరుగుదల నిజమేనా అని పరీక్షించి, చేతికో కంటికో సులువుగా అందే అవయవాల క్యాన్సర్లలో కాక, లోపలి అవయవాల క్యాన్సర్లలోనే పెరుగుదల కనిపిస్తోందని చూపారు. అంటే పెరిగింది చాలావరకు వైద్యుల గుర్తించే శక్తి అని వారి వాదన. ఈ వాదన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు తర్వాతి కాలంలో వర్తించలేదు. అక్కడి పెరుగుదల నిజమైనదని, దానికి పొగాకు కారణమని 1950లో బ్రిటన్‌లో డాల్, హిల్, అమెరికాలో విండర్, గ్రాహమ్ వేర్వేరుగా చూపారు. ఒకే అనుమానం ఒకచోట సరైనదీ, మరొకచోట తప్పూ అయింది కనుక సూత్రం పట్టుకుని కూర్చోకుండా ప్రతి జబ్బునూ విడిగా పరీక్షించాలి. మరణాల సంఖ్యలను పోల్చేటప్పుడు వయసుల తేడాను సరిచేసిన రేట్లనే వాడాలి. ఐదేళ్లు బతికినవారి శాతాన్ని వేర్వేరు దశాబ్దాల మధ్య పోల్చేటప్పుడు, జబ్బును ముందుగా కనిపెట్టినంత మాత్రాన, చనిపోయే రోజు మారకపోయినా, ఆ శాతం పెరుగుతుందన్న సంగతి మరవకూడదు.

తప్పుదారులు, దాచిన కాగితాలు

విజయాలనే వెతికితే చరిత్ర సగమే దొరుకుతుంది. యొహానెస్ ఫిబిగర్ ఎలుకల కడుపులో పురుగుల వల్ల క్యాన్సర్ వస్తుందని చూపినందుకు 1926 నోబెల్ బహుమతి పొందాడు. తర్వాత ఆ నిర్ణయం తప్పని తేలింది. 1915లోనే కుందేళ్ల చెవులకు తారు పూసి క్యాన్సర్ పుట్టించిన జపాన్ శాస్త్రజ్ఞులు యమగివా, ఇచికావాలకు ఆ బహుమతి రాలేదు. కోళ్లలో క్యాన్సర్ కలిగించే వైరస్‌ను 1911లో చూపిన పేటన్ రౌస్‌కు నోబెల్ వచ్చింది 1966లో. ఈ మూడు కథల్నీ ఆయా సంవత్సరాల పత్రికల్లో చదివితే, ఆనాటివారికి ఏది నమ్మదగినదిగా కనిపించిందో, ఎందుకు కనిపించిందో తెలుస్తుంది. నేటి జ్ఞానంతో వారిని మూర్ఖులనడం సులువు, వారి చేతిలో ఉన్న సాక్ష్యంతో వారిని తూచడం కష్టం. రెండవదే చేయాలి.

పొగాకు విషయంలో మాత్రం తెలియక చేసిన తప్పునూ, తెలిసి దాచినదాన్నీ వేరుచేసే అరుదైన అవకాశం ఉంది. న్యాయస్థానాల ఒత్తిడితో బయటపడిన సిగరెట్ కంపెనీల అంతర్గత పత్రాలు కోటికి పైగా శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆర్కైవ్‌లో అందరికీ తెరచి ఉన్నాయి. పొగతాగడం క్యాన్సర్‌కు కారణమని రుజువు లేదంటూ 1954 జనవరిలో కంపెనీలు పత్రికల్లో ఇచ్చిన ప్రకటనను ఒక చేత్తో, వారి లోపలి లేఖలను మరో చేత్తో పట్టుకుని చదవడం ఈ రంగానికి కొత్తగా వచ్చినవారికి మంచి అభ్యాసం.

కారణం తెలిసిన రోజుకూ దాని మీద చర్య జరిగిన రోజుకూ మధ్య ఎడాన్ని కూడా కొలవాలి. పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రవాళ్లకు వృషణాల తిత్తి మీద వచ్చే క్యాన్సర్‌కు మసి కారణమని పెర్సివల్ పాట్ 1775లో రాశాడు. ఆ కుర్రవాళ్ల రక్షణకు ఇంగ్లండ్‌లో 1788లో ఒక చట్టం వచ్చింది, 1840లో మరొకటి వచ్చింది, అమలుకు నోచుకున్నది 1875 నాటి చట్టం. నూరేళ్లు. ఈ నూరేళ్ల కథ వైద్య గ్రంథాల్లో దొరకదు, పార్లమెంటు విచారణ నివేదికల్లో దొరుకుతుంది.

రోగి గొంతు

చికిత్సల చరిత్రలో అందరికంటే తక్కువగా వినిపించేది చికిత్స పొందిన మనిషి మాట. అందుకే రచయిత్రి ఫానీ బర్నీ తన అక్కకు రాసిన ఉత్తరాన్ని నేను ఎంతో విలువైనదిగా భావిస్తాను. 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో మత్తుమందు లేకుండా ఆమె రొమ్మును తొలగించారు. ఈథర్ మత్తును బోస్టన్‌లో ప్రదర్శించింది 1846లో. జరిగినదాన్ని రాయడానికే ఆమెకు నెలలు పట్టింది. ఆమె 1840 వరకు జీవించింది కనుక ఆ గడ్డ నిజంగా క్యాన్సరేనా అనే ప్రశ్న తెరిచే ఉంది. ఒకే పత్రం ఆనాటి బాధకు తిరుగులేని సాక్ష్యమూ, రోగనిర్ధారణకు బలహీనమైన సాక్ష్యమూ కాగలదని ఇక్కడ చూడవచ్చు. మత్తు చరిత్రను పడమటి దేశాలతోనే మొదలుపెట్టడం కూడా పొరపాటు. జపాన్‌లో హనవోకా సెయ్‌షు 1804లోనే మూలికల మత్తుతో రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స చేశాడు.

రోగుల కాగితాలు ముట్టుకునేటప్పుడు చట్టాన్నీ మర్యాదనూ రెండింటినీ పాటించాలి. అమెరికాలో వ్యక్తి మరణించిన 50 ఏళ్ల వరకు ఆరోగ్య వివరాలకు చట్టరక్షణ ఉంది. బ్రిటన్‌లో రోగుల రికార్డులను సాధారణంగా 100 ఏళ్లు మూసి ఉంచుతారు. గడువు దాటినా, వారసులు జీవించి ఉన్నారేమో ఆలోచించి పేరుకు బదులు పొడి అక్షరాలు వాడటం మేలు. అమెరికాలో క్యాన్సర్ రోగి అయిన హెన్రియెటా లాక్స్ కణాలను 1951లో ఆమెకు చెప్పకుండా పరిశోధనకు తీసుకున్నారు, వాటి జన్యు వివరాలను 2013లో కుటుంబాన్ని అడగకుండా ప్రచురించారు, అభ్యంతరం వచ్చాకనే అందుబాటును నియంత్రించే ఒప్పందం కుదిరింది. అరవై ఏళ్లు గడిచినా ఆ కాగితం వెనక కుటుంబం ఉంది.

రాత పూర్తయ్యాక దాన్ని ఒక రోగనిర్ధారణ నిపుణుడికీ, పాత పత్రాలతో పనిచేసే ఒక గ్రంథపాలకుడికీ ఇచ్చి, "ఇది ఎలా తెలిసింది" అనే ప్రశ్న వచ్చిన ప్రతి వాక్యం పక్కన గీత పెట్టమని అడగండి. గీత పడిన వాక్యాల్లో కొన్నింటికి నోటు పుస్తకంలోనే పత్రం దొరుకుతుంది; కొన్నింటిలో "చేశాడు" అన్నదాన్ని "చెప్పుకున్నాడు" అని దిద్దవలసి వస్తుంది; ఏ పత్రమూ నిలబెట్టని వాక్యాలను, ఎంత ఇష్టమైనవైనా, తీసివేయాలి.